ములాగో కొండ, ఒక పాత ఫోర్డు బండి

కంపాలాని ఏడు కొండల ఊరంటారు. మా తమ్ముడు ఆ మాట అనగానే మావారు కారులోనే చేతులు జోడించి "గోవిందా!" అన్నారు. ఒక కొండ మీద మసీదు, ఒకదాని మీద చర్చి, ఇంకోదాని మీద రాజుగారి కోట, మరోదాని మీద యూనివర్సిటీ. నేను చూడాలని వచ్చిన కొండ మాత్రం వేరు. దాని పేరు ములాగో. అది ఆ ఏడింటి లెక్కలోకి వస్తుందా రాదా అన్నది మీరు ఎవర్ని అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఉగాండా వెళ్ళేవాళ్ళు గొరిల్లాల్ని చూడ్డానికి వెళ్తారు, నైలు నది పుట్టిన చోటు చూడ్డానికి వెళ్తారు. ఆసుపత్రి కొండ చూస్తానన్న మనిషిని నిన్నే చూశానక్కా అన్నాడు తమ్ముడు. వాడు ఇక్కడ ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాడు. పదకొండేళ్ళ నుంచి రమ్మని పోరుతున్నాడు. మాకు కుదిరింది ఇప్పుడు. కుదరడం అంటే టికెట్ల సంగతి కాదు. మావారికి లింఫోమా వచ్చి, ఆరు కీమోలు అయ్యి, మూడేళ్ళు గడిచాయి.

నేను సికింద్రాబాద్‌లో ముప్ఫై ఏళ్ళు పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేశాను. స్లైడ్లకు రంగులు వేయడం, మైక్రోస్కోప్ కింద పెట్టడం నా ఉద్యోగం. అందుకని లింఫోమా అన్న మాట నాకు కొత్త కాదు. కొత్తది ఏంటంటే, మా ఇంట్లో అది వచ్చాక అందరూ అడిగిన ప్రశ్న: "ఎందుకొచ్చింది?" మా అత్తగారు ప్లాస్టిక్ డబ్బాల్లో వేడన్నం పెట్టినందుకే అన్నారు. పెట్టింది ఎవరు? నేనే కదా! ఆడపడుచు ఎదురు మేడ మీద సెల్ టవర్ అంది. ఒకాయన జాతకం అన్నాడు. డాక్టరు ఒక్కడే, "మీ కేసులో ఇదీ కారణం అని చూపించలేనమ్మా" అన్నాడు. ఆ జవాబుతో ఎవరికీ తృప్తి లేదు.

ఒక లింఫోమా ఎందుకొస్తుందో ముక్క ముక్కగా పట్టుకున్న కథ ఈ ములాగోలో మొదలైందని ఎప్పుడో చదివాను. అందుకే ఈ కొండ.

బయల్దేరే ముందు ఒక తతంగం నడిచింది. ఉగాండా వెళ్ళాలంటే ఎల్లో ఫీవర్ టీకా కాయితం తప్పనిసరి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. అది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా. మావారి మందుల్లో రిటుక్సిమాబ్ ఉంది. అది బి కణాల పైన ఉండే సీడీ20 అనే గుర్తుని పట్టుకుని వాటిని చంపుతుంది. మంచివీ చెడ్డవీ అని చూడదు, జెండా కనిపిస్తే చాలు. టీకాకి జవాబు చెప్పాల్సిందేమో ఆ బి కణాలే. అందుకని మా డాక్టరుగారు రక్తపరీక్షలన్నీ చేయించి, బి కణాలు మళ్ళీ పుట్టాయని చూసుకుని, సరే అన్న తర్వాతే టీకా. మీ ఇంట్లో కీమో అయినవాళ్ళుంటే ఈ పని సొంతంగా చేయకండి, అడిగి చేయండి.

ములాగో కొండెక్కుతుంటే మొదట పలకరించేవి కొంగలు. మారబూ కొంగలు. మనిషి ఛాతీ దాకా వచ్చే ఎత్తు, బట్టతల, మెడ కింద వేలాడే సంచి. రిటైరై పెన్షను కోసం తిరుగుతున్న గుమస్తాల్లా చెట్ల మీదా కప్పుల మీదా నిలబడి ఉంటాయి. ఇక్కడివాళ్ళు కలోలి అంటారు. ఊళ్ళో చెత్త ఎక్కడుంటే అక్కడ ఇవి.

ఆసుపత్రి పెద్దది. ఇప్పుడు కనిపించే పెద్ద భవనం 1962లో, దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడాది మొదలైంది. అంతకుముందు పాత వార్డులు ఉండేవి. 1957లో ఆ వార్డుల్లో ఒకదానికి డాక్టర్ హ్యూ ట్రోవెల్ తన స్నేహితుణ్ణి పిలిచాడు. ఐదేళ్ళ పిల్లాడు. పైదవడ రెండువైపులా, కిందిదవడ రెండువైపులా వాపు. ఇన్ఫెక్షన్ అయితే నాలుగు చోట్లా ఒకేసారి రాదు. కేన్సర్ అయినా అలా రాదు. పిలిపించుకున్న సర్జన్ పేరు డెనిస్ బర్కిట్. ఐర్లండ్ మనిషి. చిన్నప్పుడు బళ్ళో రాయి తగిలి ఒక కన్ను పోయింది. ఆ పిల్లాడి జబ్బేంటో ఆయనకీ తెలియలేదు.

కొన్ని వారాలకి ఆయన జింజా ఊరి ఆసుపత్రికి వెళ్ళాడు. రౌండ్స్ చేస్తూ కిటికీలోంచి బయటికి చూస్తే, గడ్డిలో తల్లి పక్కన ఇంకో పిల్ల కూర్చుని ఉంది. అదే మొహం, అవే వాపులు. ఒక్కటైతే విచిత్రం అనుకోవచ్చు. రెండయ్యేసరికి ఆయన కంపాలా వచ్చి పాత రికార్డులన్నీ తిరగేశాడు. దవడలో గడ్డ, పొట్టలో గడ్డ, కిడ్నీలో గడ్డ అని వేరువేరు పేర్లతో రాసిపెట్టినవన్నీ ఒకే జబ్బని తేల్చి 1958లో రాశాడు. ఆ గడ్డ బి కణాల నుంచి పుడుతుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు దాన్ని బర్కిట్ లింఫోమా అంటారు.

నా ల్యాబ్ జీవితంలో దాని స్లైడు రెండుమూడు సార్లే చూశాను. మనవైపు అరుదు. నీలంగా ఒత్తుగా కణాలు, మధ్యమధ్యలో చచ్చిన కణాల్ని మింగే తెల్లటి కణాలు. రాత్రి ఆకాశంలో చుక్కల్లా ఉంటుంది, పుస్తకాల్లో దాని పేరు కూడా చుక్కల ఆకాశమే. చూడ్డానికి అందంగా ఉంటుంది, చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. మనిషికి వచ్చే గడ్డల్లోకెల్లా వేగంగా పెరిగేది ఇది. ఒకటిరెండు రోజుల్లో కణాలు రెట్టింపవుతాయి.

బి కణం అంటే ఏంటో ఇక్కడ కాస్త చెప్పాలి. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటాం కదా, ఆ బిళ్ళ లింఫ్ గ్రంథి. దాంట్లో జరిగేది ఓ రకం వర్క్‌షాపు. ఎముక మూలుగలో పుట్టిన బి కణాలు అక్కడికొచ్చి, వచ్చిన శత్రువుకి సరిపడే యాంటీబాడీ తయారయ్యేదాకా తమ జన్యువుల్ని తామే కోసుకుని, మార్చుకుని, మళ్ళీ అతికించుకుంటాయి. ఒంట్లో చాలా కణాలు కావాలని ఇలా చేయవు. ఈ కోతకి ఎయిడ్ అనే ఎంజైమ్ కత్తెరలాంటిది. కోసే చేయి ఎప్పుడో ఒకప్పుడు తప్పుచోట పడుతుంది. బి కణాల్లోంచి ఇన్ని రకాల కేన్సర్లు పుట్టడానికి పెద్ద కారణం ఇదే. మనల్ని కాపాడే పనిలోనే ప్రమాదం ఉంది.

బర్కిట్‌కి ఇవేవీ తెలియవు. ఆయనకి తెలిసింది ఒకటే, పటం గీయడం. ఆఫ్రికా అంతటా ఉన్న ఆసుపత్రులకి ఫోటోలతో ఉత్తరాలు రాశాడు, మీ దగ్గర ఇలాంటి పిల్లలు వస్తున్నారా అని. వచ్చిన జవాబుల్ని పటం మీద గుర్తులు పెడితే భూమధ్యరేఖకి అటూ ఇటూ ఒక పట్టీలా తేలింది, తూర్పు తీరం వెంబడి కిందికి ఓ తోక. ఆ పట్టీ అంచు ఎక్కడ ఆగుతుందో కళ్ళతో చూడాలని 1961 అక్టోబరులో, టెడ్ విలియమ్స్, క్లిఫర్డ్ నెల్సన్ అనే ఇద్దరు మిషన్ డాక్టర్లతో ఒక పాత ఫోర్డ్ స్టేషన్ వాగన్‌లో బయల్దేరాడు. టాంగన్యికా, మొజాంబిక్, దక్షిణాఫ్రికా దాకా. పది వారాలు, పదివేల మైళ్ళు. దారిలో కనిపించిన ప్రతి ఆసుపత్రిలో ఆగి అదే ప్రశ్న.

ఆ పట్టీ అంచుని మేమూ చూద్దామన్నాను. పదివేల మైళ్ళు మావల్ల కాదు గానీ, ఉగాండాలోనే ఒక అంచు ఉంది. నైరుతి మూల కబాలే. కంపాలా నుంచి నాలుగొందల కిలోమీటర్ల పైనే. తమ్ముడు తెలిసిన డ్రైవర్ని మాట్లాడాడు. నలభై ఏళ్ళుంటాయి, మంచి ఇంగ్లీషు. నన్ను "మామా" అని పిలిచాడు. ఇక్కడ మామా అంటే అమ్మ. మావారు రెండ్రోజులు నవ్వారు. "మామా, టీ తాగుతారా" అని ఆయనా మొదలుపెట్టారు.

దారిలో భూమధ్యరేఖ వస్తుంది. తెల్లటి సిమెంటు వలయం, అందరూ ఫోటోలు. అక్కడొకాయన మూడు పళ్ళేల్లో నీళ్ళు పోసి, గీతకి ఈ పక్క ఇలా తిరుగుతుంది, ఆ పక్క అలా తిరుగుతుంది అని చూపించి డబ్బులు అడుగుతాడు. అంత చిన్న పళ్ళెంలో భూభ్రమణం ప్రభావం కనిపించదు, నీళ్ళు పోసే చేతిలో ఉంది కిటుకు. తెలిసినా ఇచ్చాం. బాగా చేశాడు.

మధ్యాహ్నం ఒక హోటల్లో మటోకే తిన్నాం. పచ్చి అరటికాయని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదుపుతారు, పైన వేరుశనగ పులుసు. పక్కన డోడో అని ఆకుకూర. తీరా చూస్తే మన తోటకూర! బర్కిట్ ఈ తిండి చూసే తర్వాత్తర్వాత పీచు పదార్థం తినండి అని ప్రపంచమంతా ప్రచారం చేశాడు. మీ డాక్టరు ఫైబర్ తినమంటే అందులో ఈయన చేయి ఉందన్నమాట.

సాయంత్రానికి ఎత్తెక్కడం మొదలైంది. కబాలే దాదాపు 2000 మీటర్ల ఎత్తులో ఉంది. మెట్లు మెట్లుగా కొండలు, బంగాళాదుంప చేలు, పొగమంచు. మావారు మంకీ క్యాప్ తీశారు. ఆఫ్రికాలో మంకీ క్యాప్ అవసరం ఏంటని హైదరాబాద్‌లో నాతో పోట్లాడి మరీ పెట్టుకున్నారు, గెలిచారు.

బర్కిట్ పటంలో ఈ కొండలు ఖాళీ. భూమధ్యరేఖ దగ్గర 5000 అడుగుల ఎత్తు దాటితే ఆ జబ్బు కనిపించలేదు. ఎత్తుకీ గడ్డకీ సంబంధమేంటి? ఎంటెబ్బీ వైరస్ పరిశోధనాలయంలో దోమల మీద పనిచేసే అలెగ్జాండర్ హాడో ఆ పటం చూసి, ఇది ఎత్తు సంగతి కాదు, చలి సంగతి అన్నాడు. బాగా చలి ఉన్నచోట లేదు, వాన తక్కువ పడేచోట లేదు. అంటే దోమ బతికే చోటే ఉంది. ఇంకో విషయం, చలికొండల నుంచి పల్లానికి వలస వచ్చినవాళ్ళలో ఇది పెద్ద వయసులో కూడా కనిపించింది. పల్లంలో పుట్టినవాళ్ళకి మాత్రం చిన్నప్పుడే.

దోమ అనగానే సికింద్రాబాద్ మనిషిగా నాకు ఒక హక్కు ఉంది. మలేరియా క్రిమి దోమలో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మా బేగంపేటలోనే. ఆ భవనం పక్కనుంచి వేల సార్లు బస్సులో వెళ్ళాను. కబాలే చలిలో కూర్చుని డ్రైవరుకి ఆ సంగతి చెప్తే, "అయితే మీరు మాకు బంధువులే మామా" అన్నాడు. ఇప్పుడు కబాలేలోనూ మలేరియా కనిపిస్తోందట, ముందులా చలి లేదని ఊళ్ళోవాళ్ళు అన్నారు.

బర్కిట్ అనుమానం దోమ మోసుకొచ్చే వైరస్ మీద. వైరస్ దొరికింది గానీ దోమలో కాదు. 1961 మార్చిలో ఆయన లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఉపన్యాసం ఇస్తే, ఆంథొనీ ఎప్‌స్టీన్ అనే కుర్ర పరిశోధకుడు విని వెంటపడ్డాడు. కంపాలాలో ఆపరేషన్ చేసి తీసిన ముక్కలు విమానంలో లండన్ వెళ్ళేవి. రెండేళ్ళకు పైగా ఏమీ కనిపించలేదు. 1963 డిసెంబరులో పొగమంచు వల్ల విమానం మాంచెస్టర్‌కి మళ్ళింది. సీసా ఆలస్యంగా చేరింది, లోపల నీళ్ళు మబ్బుగా ఉన్నాయి. ఎవరైనా చెడిపోయిందని పారేస్తారు. నేనైతే పారేసేదాన్ని. ఎప్‌స్టీన్ మైక్రోస్కోప్ కింద చూస్తే అది బాక్టీరియా కాదు, ముక్క నుంచి విడిపోయి తేలుతున్న బతికున్న కణాలు. వాటిని పెంచి, 1964 ఫిబ్రవరిలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే లోపల వైరస్. ఎప్‌స్టీన్, ఇవాన్ బార్ పేర్లతో దాన్ని ఎప్‌స్టీన్-బార్ వైరస్ అంటున్నాం. వ్యాసం మీద పేరున్న మూడో మనిషి బెర్ట్ అచోంగ్, ట్రినిడాడ్ వాడు, వైరస్ పేరులోకి రాలేదు. ఎప్‌స్టీన్ నూటరెండేళ్ళు బతికి 2024లో పోయాడు.

ఇక్కడొచ్చింది అసలు చిక్కు. ఆ వైరస్ ఉమ్మి ద్వారా వస్తుంది, ప్రపంచంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఉంటుంది. మీకూ ఉండొచ్చు, నాకూ ఉండొచ్చు. బి కణంలో దూరి జీవితాంతం నిద్రపోతుంది. మరి అందరికీ రానిది ఈ పిల్లలకే ఎందుకు? 1972 ప్రాంతాల్లో ఉగాండా వెస్ట్ నైల్ జిల్లాలో సుమారు 42,000 మంది పిల్లల రక్తం తీసి దాచి, ఎవరికి గడ్డ వస్తుందో ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. ఆ వైరస్ మీద యాంటీబాడీలు బాగా ఎక్కువ ఉన్న పిల్లలకి ముప్పు 30 రెట్లు. అది ఈదీ అమీన్ కాలం అని గుర్తు పెట్టుకోండి. 1972లోనే మన ఇండియన్లందరికీ తొంభై రోజుల గడువిచ్చి వెళ్ళగొట్టాడు. ములాగోలో 1967లో ఈ పిల్లల కోసం లింఫోమా కేంద్రం పెట్టిన అమెరికన్ డాక్టర్ జాన్ జీగ్లర్ కూడా ఆ ఏడాదే వెళ్ళిపోయాడు. చార్లెస్ ఓల్వెనీ అనే ఉగాండా డాక్టరు పగ్గాలు అందుకుని నడిపాడు. ఆ కేంద్రమే ఇప్పటి ఉగాండా కేన్సర్ ఇన్‌స్టిట్యూట్. పటం గీసినవాళ్ళని అందరూ తల్చుకుంటారు. మందులకీ దిక్కులేని రోజుల్లో తలుపులు మూయనివాళ్ళని కూడా తల్చుకోవాలి.

చిక్కు విడింది చాలా తర్వాత. ఈ గడ్డ కణాల్లో ఎనిమిదో క్రోమోజోమ్ ముక్క తెగి పద్నాలుగోదానికి అతుక్కుంటుంది. ఎనిమిదిలో ఉన్నది మిక్ అనే జన్యువు, కణాన్ని పెరగమని చెప్పేది. పద్నాలుగులో ఉన్నది యాంటీబాడీ జన్యువు, బి కణంలో రాత్రీపగలూ పనిచేసేది. మన ఊళ్ళలో చెప్పాలంటే, గంటల లెక్కన తిరగాల్సిన మోటారుని తీసుకెళ్ళి ఇరవై నాలుగ్గంటలూ కరెంటుండే ఫీడర్‌కి కలిపినట్టు. మోటారు ఆగదు. మామూలుగా అలాంటి కణం తనంతట తానే చచ్చిపోవాలి. లోపలున్న వైరస్ చావనివ్వదు. మరి మలేరియా? మళ్ళీ మళ్ళీ వస్తూ బిళ్ళల్లో వర్క్‌షాపుని మూతపడనివ్వదు. కత్తెర ఎక్కువ కాలం ఆడితే తప్పుకోతకి అవకాశం ఎక్కువ. ఎలుకల మీద 2015లో ఇది చూపించారు.

దీన్నుంచి మిగతా లింఫోమాల దారి కూడా కొంత అర్థమవుతుంది. పొట్టలో హెలికోబాక్టర్ అనే క్రిమి ఏళ్ళ తరబడి ఉంటే అక్కడి బి కణాలు రెచ్చి ఒక రకం లింఫోమా రావచ్చు. తొలిదశలో కొందరికి యాంటీబయాటిక్స్‌తోనే అది కరిగిపోతుంది! హెపటైటిస్ సి, హెచ్ఐవీ, అవయవ మార్పిడి తర్వాత మందులు, జోగ్రెన్స్‌లాంటి తనని తానే కొట్టుకునే జబ్బులు. లిండేన్ పురుగుమందు. వయసు. ఇందులో సెల్ టవర్ లేదు, అన్నం డబ్బా లేదు. మావారు ఈ జాబితాలో వయసు తప్ప దేనికిందకీ రారు.

కబాలే నుంచి వచ్చాక చివర్లో జింజా వెళ్ళాం. కంపాలాకి తూర్పున ఎనభై కిలోమీటర్లు. చెరకు తోటలు, టీ తోటలు, మబీరా అడవి. విక్టోరియా సరస్సు లోంచి నైలు బయటికి వచ్చే చోట గాంధీగారి విగ్రహం ఉంది. ఆయన అస్థికల్లో కొంత 1948లో ఇక్కడ కలిపారు. మావారు చెప్పులు విప్పి దణ్ణం పెట్టారు. నీళ్ళు పచ్చగా, తొందర లేకుండా కదులుతున్నాయి. మధ్యధరా సముద్రం చేరడానికి నెలలు పడుతుందట.

జింజా ఆసుపత్రి ముందు గడ్డిలో అప్పుడూ తల్లులు కూర్చుని ఉన్నారు. లోపలికి వెళ్ళలేదు, మనకేం పని. గేటు దగ్గర నిలబడి కిటికీల వైపు చూస్తుంటే డ్రైవరు పక్కకొచ్చి, అన్ని రోజులు చెప్పనిది అప్పుడు చెప్పాడు. వాళ్ళన్న కూతురికి ఆరేళ్ళప్పుడు ఇదే జబ్బు. పన్ను వాచిందని ఊళ్ళో పన్ను పీకించారు. ఇంకోటి కదిలితే అదీ పీకించారు. మూడు వారాలు పోయాయి. ములాగో చేరేసరికి ఒక కన్ను బయటికొచ్చింది. బస్సు ఛార్జీలకి మేకల్ని అమ్మి మందు పూర్తి చేయించారు. ఇప్పుడు నాలుగో క్లాసు, బాగానే ఉంది.

"అదే ఇంట్లో నలుగురు పిల్లలు. అందరికీ మలేరియా వచ్చింది. అదొక్కదానికే ఎందుకు మామా?"

నాకు తెలిసినంత చెప్పాను. వైరస్ అందరిలో ఉంటుందని, మలేరియా వల్ల అవకాశం పెరుగుతుందని, ఆఖరి కోత మాత్రం ఒక కణంలో, ఒక రోజు, లాటరీలా పడుతుందని.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మా వదినని అన్నారు. ఆమె పుట్టింటివాళ్ళు చేతబడి చేయించారని. ఆమె మా అమ్మతో ఇప్పటికీ మాట్లాడదు." కాసేపాగి, "అంటే ఎవరూ చేసింది కాదన్నమాట" అన్నాడు.

మావారు నా వైపు చూశారు. నేను హ్యాండ్‌బ్యాగ్‌లో ఏదో వెతుక్కున్నాను.

తిరుగుదారిలో నమవొజ్జోలో అని రోడ్డు పక్క సంత ఉంది. బండి ఆగిందో లేదో, నీలం ఓవర్‌కోట్లు వేసుకున్న కుర్రాళ్ళు పుల్లలకి గుచ్చిన కోడిముక్కలు, కాల్చిన గోంజా అరటిపళ్ళు కిటికీల్లోంచి లోపలికి తోసేస్తారు. మావారు ఒక పుల్ల అడిగితే నాలుగు అంటగట్టారు. డ్రైవరు ఫోన్ తీసి వాళ్ళ భాషలో మాట్లాడుతూ రోడ్డు పక్కకి వెళ్ళాడు. నాకు అర్థమైన మాట ఒక్కటే, మలేరియా. పది నిమిషాలు మాట్లాడాడు. తిరిగొచ్చి, "అన్నకి చెప్పాను" అన్నాడు. గోంజా చల్లారిపోయింది, అయినా తియ్యగానే ఉంది.